అతుకు లేని తెర

హేలాపురి రాజ్యపు దక్షిణ పొలిమేరలో కంకణ నది రెండు పాయలుగా చీలి, ఆమడ దూరం విడివిడిగా నడిచి, మళ్ళీ కలుస్తుంది. ఆ పాయల నడుమనున్న ఇసుక తిన్నెల మీద నూట ఇరవై ఏళ్ళుగా ఏడు దేశాల బట్టల తిరునాళ్ళు జరుగుతూ వచ్చాయి. మాఘమాసం రాగానే ఉదయద్వీపం నుంచి పట్టు తానులు ఓడల్లో వచ్చేవి. కౌంజర దేశపు కంబళ్ళు ఒంటెల మీద వచ్చేవి. హిమశృంగపు శాలువలు గాడిదల మీద, పగడాలరేవు వారి పల్చని మల్లు బట్టలు వెదురు గొట్టాలలో వచ్చేవి. అక్కడ గోడ లేదు, కప్పు లేదు. ఇసుక మీద చాప, చాప మీద బట్ట, బట్ట మీద ఎండ. కొనేవాడు వంగి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ అంచును నలిపి చూసేవాడు. అమ్మేవాడు కొనేవాడి ముఖం చూసేవాడు. దూరం నుంచి చూస్తే నది తన చీరలన్నీ ఆరేసుకున్నట్టు ఉండేది.

ఈ ఏడు మాఘం రాకముందే మేఘవాహన మహారాజు చాటింపు వేయించాడు. తిరునాళ్ళు ఇక ఇసుకలో జరగవు. ధవళగిరి మీద కొత్తగా కట్టిన సభాభవనంలో జరుగుతాయి. అక్కడ గాలిదుమారం ఉండదు, వాన భయం ఉండదు, దొంగల బెడద ఉండదు. ఒక్కొక్క దేశానికి నూరు స్తంభాల మండపం ఒకటి కేటాయించారు.

ఆ భవనాన్ని కట్టినవాడు శూన్యపాణి అనే పరదేశి స్థపతి. అతడు ఏ దేశంవాడో ఎవరికీ తెలియదు. వేళ్ళ కొసలు కూడా కనబడనంత పొడవు చేతుల అంగీ తొడుక్కుని తిరిగేవాడు. రాజు అతని మాట జవదాటడం మానేసి ఏడాది అయింది.

నేతగాళ్ళు మొదట సంతోషించారు. నీడ దొరుకుతుందంటే ఎవరు కాదంటారు? పడవవాళ్ళూ, ఇసుకలో పొయ్యిలు పెట్టుకుని అట్లు పోసుకునేవాళ్ళూ మాత్రం దిగులుపడ్డారు. వాళ్ళ దిగులును ఎవరూ పట్టించుకోలేదు. ఆ కొండ మీద కాకి కూడా వాలడం లేదని పడవవాళ్ళు అంటే, కడుపుమంట మాటలని నవ్వారు. భవనం కట్టిన కూలీలలో ఒక్కడైనా పని ముగిశాక కొండ దిగి రాలేదన్న మాట కూడా అలాగే నవ్వులో కలిసిపోయింది.

తిరునాళ్ళ తొలిరోజు పొద్దున, ధవళగిరి మెట్లు ఎక్కుతున్నవాళ్ళలో అవిరిపాడు నుంచి వచ్చిన ఇద్దరున్నారు. ఒకడు మాచన. నీలి అద్దకం అతని వృత్తి. వయసు ఇరవై అయిదు. మోచేతుల దాకా చర్మం నేరేడు పండు రంగులో ఉంటుంది. రెండోది అతని మేనత్త కేతమ్మ. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. తెలుపు మీద తెలుపు పువ్వు నేయడంలో ఏడు దేశాలలోనూ ఆమెకు సాటి లేదు. ఆ పువ్వు కంటికి కనబడదు, వేలికే తెలుస్తుంది. తల్లి పోయిన మాచనను మూడేళ్ళ వయసు నుంచి పెంచింది ఆమే. వాడు ఎంత ఎదిగాడో రోజూ రాత్రి తల నుంచి పాదాల దాకా తడిమి చూసుకునేది. ఊళ్ళో ఎవరి ముఖం ఎలా ఉంటుందో ఆమె చేతులకు తెలుసు.

"మెట్టు నున్నగా ఉందిరా. ఇన్నివేల మంది ఎక్కుతుంటే దుమ్మన్నా ఉండాలి కదా," అంది కేతమ్మ, కర్రతో తట్టి చూస్తూ.

"కడిగారేమో అత్తా."

"కడిగితే తడుండాలి."

మాచన తన రెండు చేతులనూ మెడ నుంచి వేలాడే గుడ్డసంచిలో పెట్టుకుని నడుస్తున్నాడు. అది తిరునాళ్ళ కట్టుబాటు. పూర్వం ఒక నీలి అద్దకందారు పొరపాటున హిమశృంగపు రాజు పెళ్ళి శాలువ మీద చెయ్యి వేశాడట. ఆ మరక మీద రెండు దేశాలు మూడేళ్ళు కొట్టుకున్నాయి. అప్పటి నుంచి అద్దకంవాళ్ళు తిరునాళ్ళలో చేతులు సంచిలో పెట్టుకునే తిరగాలి. ఎంత మంచి బట్టయినా వాళ్ళు కళ్ళతోనే చూడాలి.

మెట్లు ముగిసేచోట సింహద్వారం ఉంది. ద్వారానికి అడ్డంగా ఒక తెర వేలాడుతోంది. నాలుగు తాటిచెట్ల ఎత్తు. పాలమీగడ రంగు. పైనుంచి సన్నని నీటిధార ఆ తెర మీదుగా జారుతూ ఉంటే, అది గాలికి కదిలినప్పుడల్లా వెన్నెల నీళ్ళలోంచి నడిచి వచ్చినట్టుంది. లోపలికి వెళ్ళే ప్రతివాడూ దాని పక్కనుంచే పోవాలి. నేతగాడన్నవాడు అంత బట్టను చూసి ఊరుకోలేడు. ఉదయద్వీపం ముసలాడు అంచు నలిపి చూశాడు. కౌంజర దేశపు అన్నదమ్ములు చెరొక వైపూ నలిపి చూశారు. పసిబిడ్డను చంకన వేసుకున్న పగడాలరేవు ఇల్లాలు బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని మరీ నలిపి చూసింది. తాకవద్దని ఎవరూ అనలేదు. తాకమని కూడా అనలేదు.

అలా వేలమంది తాకి ముందుకు పోయాక, వెనకబడ్డవాళ్ళ నిట్టూర్పులు విని కేతమ్మ ఆగిపోయింది. అదేమిటని అడిగింది. మాచన చెప్పాడు. తనను అక్కడికి తీసుకుపొమ్మంది.

ఆమె ముందు కుడిచేతితో అంచు పట్టింది. తరువాత కర్రను చంకలో ఇరికించుకుని రెండు చేతులూ వేసింది. ఏ బట్టలోనైనా నేసేటప్పుడు పోగు తెగుతుంది, నేతగాడు తెగిన పోగును అతుకుతాడు. ఎంత నేర్పరి అతికినా ఆ అతుకు కేతమ్మ వేలికి దొరుకుతుంది. దాన్ని బట్టి నేసినవాడి ఊరేదో, ఓపిక ఎంతో చెప్పేది. ఇప్పుడు ఆమె తెర పొడవునా పది అడుగులు నడిచింది. వెనక్కి పది అడుగులు నడిచింది.

"దీనికి అతుకు లేదురా," అంది చివరకు. గొంతు తగ్గిపోయింది. "మనుషులు నేసింది కాదిది. నన్ను ఇక్కడి నుంచి తీసుకుపో."

ఆ మాట అంటుండగానే చంకలోని కర్ర జారి పడింది. మాచన కర్ర దగ్గరికి వంగి, చేతులు సంచిలో ఉన్న సంగతి గుర్తొచ్చి, ఆమె చేతికి అందేలా భుజం ముందుకు పెట్టాడు. ఆమె చెయ్యి గాలిలో వెతికి అతని చెంప మీద ఆనింది. ఆనినా ఇంకా వెతుకుతూనే ఉంది.

"ఏడీ, దగ్గరికి రా. అందడం లేదు నువ్వు."

"నీ చెయ్యి నా చెంప మీదే ఉందత్తా."

 కేతమ్మ ఆ చేతిని తన రెండో చేతితో పట్టుకుంది. దానికీ ఏమీ తెలియలేదు. ఆమె గట్టిగా అరవలేదు, ఏడవలేదు. ఇంట్లో దీపం పోతే మిగతావాళ్ళు నిలబడినట్టు ఉన్నచోటే నిలబడిపోయింది.

ఇంతలో తెల్లని దుస్తులు వేసుకున్న భటులు ఇద్దరు వచ్చారు. ఎండకు సొమ్మసిల్లిన వాళ్ళకు లోపల విశ్రాంతి మందిరం ఉందని ఎంతో మర్యాదగా చెప్పారు. మాచన అడ్డుపడితే ఆడవాళ్ళ మందిరంలోకి మగవాళ్ళు రాకూడదన్నారు. రెండు రెక్కలూ పట్టి ఆమెను నడిపించుకుపోయారు. వాళ్ళ వెనకే ఉదయద్వీపం ముసలాడినీ, కౌంజర అన్నదమ్ములనూ నడిపించుకుపోతున్నారు. అందరి చేతులూ పక్కలకు వేలాడుతున్నాయి. ఇల్లాలి చంకలోని బిడ్డను ఒక భటుడు ఎత్తుకున్నాడు. ఆమె చేతుల్లో బిడ్డ నిలవడం లేదు.

మాచన వాళ్ళ మీదికి ఉరకబోయాడు. వెనక నుంచి ఎవరో అతని భుజం పట్టి పక్కకు లాగారు.

పసుపు తలపాగా, చెవికి పోగు, భుజాన తువ్వాలు. చూస్తే బేరాలు కుదిర్చే దళారి. ఆ తువ్వాలు వాడకుండా, మాచన సంచిలోకే సూటిగా చెయ్యి దూర్చాడు. పైకి మాత్రం గట్టిగా మాట్లాడుతున్నాడు.

"ఏమయ్యా, నీలి ఏమన్నా అమ్ముతావా?"

"నేను బేరానికి రాలేదు. నన్ను వదులు."

"బేరానికి రానివాడివి తిరునాళ్ళకు ఎందుకొచ్చావు, పెళ్ళిచూపులకా?"

చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు నవ్వారు. సంచిలో మాత్రం ఆ చెయ్యి వేరే మాట చెబుతోంది. బట్టల బేరం గుడ్డ కింద వేళ్ళతో సాగుతుంది. ఆ వేళ్ళ భాషలో పది పదిహేను మాటలకు మించి లేవు. అరచేతిని గోటితో గీరితే సరుకు మోసం అని అర్థం. మణికట్టు పడితే ఆగమని అర్థం. బొటనవేలు వెనక్కి వంచితే లేచి నా వెంట రమ్మని. ఆ చెయ్యి మూడూ వెంటవెంటనే చెప్పింది. ఇంకొకటి కూడా మాచనకు తెలిసింది. ఆ చూపుడువేలి కొసన కాయ కాసి ఉంది. బట్టలు నలిపిన కాయ కాదది, వింటినారి లాగిన కాయ.

అతడు మారుమాట లేకుండా వెంట నడిచాడు.

భవనం వెనక, రాయి కొట్టిన గోతుల దగ్గరికి చేరాకే దళారి నోరు విప్పాడు. లోపల ప్రతి స్తంభమూ శూన్యపాణి చెవేననీ, అక్కడ గుసగుసలాడినా అతడికి వినబడుతుందనీ చెప్పాడు. ఆ తరువాత తలపాగా కొంచెం పైకి జరిపాడు. అప్పుడు మాచనకు ఎదురుగా ఉన్నది మగవాడు కాదని తెలిసింది. ఆమె ఉత్పల, మేఘవాహనుడి ఒక్కగానొక్క కూతురు.

ఆమె క్లుప్తంగా చెప్పింది. ఏడాది కిందట శూన్యపాణి ఏనుగంత రాబందు మీద ఎక్కి వచ్చి అంతఃపురపు తోటలో దిగాడు. అతని చేతులకు స్పర్శ లేదు. ఏ శాపమో తెలియదు. నిప్పు పట్టుకున్నా, నీళ్ళు పట్టుకున్నా అతడికి ఒకటే. అందుకే తెరను అల్లాడు. తాకిన ప్రతి చేతి నుంచీ స్పర్శనూ, దానితో పాటు పనితనాన్నీ అది తాగుతుంది. మొదటి పరీక్షగా దాన్ని తాకించింది ఉత్పల చేతనే. ఆనాటి నుంచి ఆమె ఎడమచెయ్యి ఉన్నా లేనట్టే. తండ్రికి చెబితే, తండ్రి స్థపతి ముఖం వంక చూసి నవ్వాడు.

"ఇసుకలో ఈ తెర నిలవదు. తాగడం పూర్తికాకముందే గాలికి ఎండిపోతుంది, ఇసుక పడుతుంది. అందుకే తిరునాళ్ళను కొండ ఎక్కించాడు. ఇవాళ మిట్టమధ్యాహ్నం కప్పులోని కంతలోంచి ఎండ సూటిగా దాని మీద పడుతుంది. అప్పుడు పైనుంచి నీళ్ళు ఆపేస్తాడు. తెర ఆరిందా, తాగిందంతా దాంట్లోనే ముదిరిపోతుంది. ఇక తిరిగి రాదు. రేపటి నుంచి ఏడు దేశాలలో నేయగలిగినవాడు అతడొక్కడే. పురిటి పొత్తిగుడ్డకూ అతని గడపే తొక్కాలి, పాడె మీది గుడ్డకూ అతని గడపే తొక్కాలి."

మాచన ఆ చివరి మాటలు విన్నాడో లేదో తెలియదు. "మా అత్తకు కళ్ళు లేవు," అన్నాడు. "చేతులే ఉన్నాయి."

తెరను విప్పే దారి ఒకటే ఉంది. దాని మొదటి పోగు దొరకాలి. ఆ కొస పట్టి లాగితే అల్లిన వరసలోనే విడిపోతుంది, తాగినవాటిని తాగిన వరసలోనే తిరిగి ఇస్తుంది. వదిలేస్తే మళ్ళీ తెరలోకి పాకిపోతుంది. శూన్యపాణి నిద్రలో కలవరించిన మాటలను ఉత్పల గోడచాటు నుంచి విన్నది. అయితే ఇన్నివేల నేతగాళ్ళ వేళ్ళకు దొరకనిది ఎవరికి దొరుకుతుంది?

మాచన భవనం కప్పు వంక చూశాడు. తెర మీదికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయని అడిగాడు. కప్పు మీద రాతి తొట్టి ఉందనీ, దాని తూము నుంచి వస్తున్నాయనీ ఆమె చెప్పింది.

"వేలికి దొరకని అతుకు నీలికి దొరుకుతుందమ్మా. ముడి ఉన్నచోట నూలు బిగిసి ఉంటుంది. బిగిసినచోట రంగు ఎక్కదు. తెల్లచుక్క మిగులుతుంది. ఆ చుక్కలు చూసే మాకు తిట్లు పడుతుంటాయి."

కొండ దిగువన అతని బండి ఉంది. బండిలో పులిసిన నీలి తోలు తిత్తులలో మూతి బిగించి ఉంది. పొద్దు రెండు జాములకు దగ్గరపడుతోంది. ఇద్దరూ ముళ్ళపొదలలోంచి జారుకుంటూ దిగారు. రెండు తిత్తులు వీపులకు కట్టుకున్నారు. మళ్ళీ ఎక్కడానికి మెట్ల దారి పనికిరాదు. వెనక వైపు నిట్రాయిలాంటి బండ. ఉత్పల ముందే పొదలో దాచుకున్న విల్లూ కత్తీ తీసి, నడుముకు చుట్టుకున్న తాడును బాణానికి కట్టి, ఎడమచెయ్యి మొద్దుబారి ఉంది గనుక వింటిని పాదాలతో తొక్కిపట్టి, కుడిచేత్తో నారి లాగి, కప్పు మీది రాతి సింహం మెడకు తగిలేలా కొట్టింది. బాణం సింహం మెడ చుట్టూ తిరిగి కింద పడింది. తాడు కొసలు రెండూ కలిపి ముడి వేసి మాచన ముందు ఎక్కాడు. ఒంటిచేత్తో తాడు పట్టుకున్న ఉత్పలను పైకి లాక్కున్నాడు.

కప్పు నిశ్శబ్దంగా ఉంది. నడుమ చెరువంత రాతి తొట్టి. తొట్టి అంచుల మీద వెండి రేకులు పరిచినట్టు ఏదో మెరుస్తోంది. ఉత్పల ఒక అడుగు వేసేసరికి ఆ వెండి లేచింది.

చిమ్మెటలు. పెట్టెల్లో బట్టలు కొరికే పురుగులే, కాని ఒక్కొక్కటీ అరచెయ్యంత. వేలకు వేలు లేచి సూర్యుణ్ణి కప్పేశాయి. రెప్పపాటులో ఉత్పల తలపాగా జల్లెడ అయింది, మరో రెప్పపాటులో లేదు. జుట్టు నడుము దాకా జారింది. అంగీ భుజం దగ్గర కరిగిపోయింది. దాని కింద చర్మం మీద సూదులతో కుట్టినట్టు రక్తపు చుక్కలు లేచాయి. ఆమె పళ్ళు బిగించి కత్తి తిప్పుతోంది. కత్తికి పొగ తెగుతుందా?

మాచన మీద ఒక్కటీ వాలలేదు. అతని చుట్టూ మూరెడు దూరంలో తిరిగి వెనక్కి పోతున్నాయి. పదేళ్ళుగా నీలి తొట్టిలో నానిన ఒళ్ళు. ఆ పులుపు కంపుకు పెళ్ళివిందులో కూడా అతని పక్కన ఎవరూ కూర్చోరు. అతడు ఒక తిత్తి మూతి విప్పి, పైన తేలిన నురగను దోసిట పట్టి ఉత్పల ముఖానికీ, మెడకూ, భుజాలకూ పూసేశాడు. చిమ్మెటలు చెదిరి, తొట్టి అవతలి అంచు మీద గుట్టగా వాలి, రెక్కలు మూశాయి.

"రాజుగారి అమ్మాయికి నీలి పూశానంటే నా తల ఉండదు," అన్నాడు మాచన.

"ముందు ఈ పూట గడవనీ. తల సంగతి రేపు చూద్దాం," అంది ఉత్పల. కంపుకు ఆమెకు కళ్ళు మంటలెత్తుతున్నాయి.

ద్వారానికి సరిగ్గా పైన, కప్పులో ఉన్న కంత అంచు మీదికి అప్పటికే ఎండ పాకింది. ఇద్దరూ తూము దగ్గర మోకరిల్లి తిత్తులు రెండూ ఒంపారు. నీలి నీటిలో కలిసి తూములోంచి కిందికి పోయింది.

కింద ఎవరూ ఏమీ గమనించలేదు. నీలి తిత్తిలో ఉన్నంతసేపూ నీలంగా ఉండదు. పసుపూ పచ్చా కలిసిన రంగులో ఉంటుంది. గాలి తగిలాకే అసలు రంగు తేలుతుంది. పాలమీగడ తెర మొదట లేతాకు రంగుకు తిరిగింది. జనం అది కూడా స్థపతి చమత్కారమే అనుకుని తలలు ఊపారు. తరువాత ఎండ ముక్క ఒకటి పడినచోట నెమలి మెడ రంగు లేచింది. అది అటూ ఇటూ పాకింది. చూస్తుండగానే నాలుగు తాటిచెట్ల ఎత్తు తెర మబ్బుపట్టిన ఆకాశంలా నల్లనీలమై ఊగింది.

ఆ నీలిమ నడుమ, పైనుంచి రెండు నిలువుల కింద, గోరంత తెల్లచుక్క ఒకటి మిగిలిపోయింది.

కంతలోంచి తొంగి మాచన దాన్ని చూశాడు. సరిగ్గా అదే క్షణాన కింద మండపంలోంచి శూన్యపాణి కూడా చూశాడు. స్థపతి ముఖంలో ఇంతవరకూ ఎవరూ చూడని మార్పు వచ్చింది. నీళ్ళు ఆపమని అరిచాడు. భటులు కప్పు మీదికి పోయే మెట్ల వైపు పరుగెత్తారు. ఆ అరుపుకు విశ్రాంతి మందిరం తలుపులు తోసుకుని చేతులు వేలాడే జనం బయటికి వచ్చారు. వాళ్ళ నడుమ ఎవరో తోస్తే తోసిన వైపు నడుస్తూ కేతమ్మ ఉంది.

మాచన తాడు కొసను తూముకు ముడివేసి కంతలోంచి కిందికి జారాడు. తెల్లచుక్క అతని ముఖానికి ఎదురుగా వచ్చింది. రెండు చేతులూ తాడును పట్టుకుని ఉన్నాయి. ఒక చెయ్యి వదిలి దాన్ని పట్టుకుంటే ఆ చెయ్యీ పోతుంది, చెయ్యి పోతే పట్టూ పోతుంది. అతడు మెడ చాచి చుక్కను పళ్ళతో కొరికి పట్టుకుని తల వెనక్కి విదిల్చాడు. ముడి తెగింది. నోట్లోకి కొస వచ్చింది. మంచులా చల్లగా, బతికున్నదానిలా వెనక్కి లాగుతూ ఉంది.

అతడు తాడు పట్టు సడలించి జారాడు. జారిన మేరకు తెర విడిపోతూ వచ్చింది.

కప్పు మీద ఉత్పల తన ఎడమచేతి వంక చూసుకుంది. రాయి వేడిగా ఉందని ఆ చేతికి తెలిసింది. ఆమె వెంటనే కత్తి ఆ చేతిలోకి మార్చుకుని మెట్ల మీదికి వస్తున్న భటులకు ఎదురు వెళ్ళింది. కింద, భవనానికి సున్నం కొట్టిన కూలీలు కొందరు నేలమాళిగ కటకటాల వెనక నుంచి కేకలు వేశారు. తరువాత ఉదయద్వీపం ముసలాడు తన గడ్డం తడుముకున్నాడు. కౌంజర అన్నదమ్ములు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. పగడాలరేవు ఇల్లాలు భటుడి చేతుల్లోంచి బిడ్డను గుంజుకుంది. తాకిన వరసలోనే ఒక్కొక్కరికీ తిరిగి వస్తోంది. వరసలో కేతమ్మ ఇంకా వెనక ఉంది. ఆమె తరువాత తాకినవాళ్ళు నూరు మంది కూడా ఉండరు. తెరలో మూడు వంతులు విడిపోయాక కూడా ఆమె చేతులు పక్కలకు వేలాడుతూనే ఉన్నాయి.

అప్పుడు శూన్యపాణి అంగీ చేతులు పైకి మడిచాడు. మైనంతో చేసినట్టు గీతలు లేని చేతులు. వాటితో తెరను అడుగు నుంచి పట్టి ఒక్క గుంజు గుంజాడు. పైన కట్టిన ఇనుప కడ్డీ విరిగి, మిగిలిన తెర మొత్తం అతని భుజాల మీద కూలింది. అతడు ఈల వేశాడు. కొండ వెనక నుంచి చీకటి లేచినట్టు రాబందు లేచింది. దాని రెక్క తగిలి రాతి సింహం ఒకటి లోయలోకి దొర్లిపోయింది. అది ద్వారం ముందు వాలీ వాలకముందే శూన్యపాణి తెర చుట్టతో సహా దాని మెడ మీదికి ఎగబాకాడు.

మాచనకు ఆలోచించే వ్యవధి లేదు. కొస అతని పళ్ళ మధ్యే ఉంది. పరుగెత్తి, నేల విడుస్తున్న రాబందు కాలిని రెండు చేతులతో కావలించుకున్నాడు.

బరువు ఎక్కువై రాబందు వెంటనే ఎత్తుకు పోలేకపోయింది. ద్వారం మీద తాటిచెట్టంత ఎత్తులో ఒకసారి చుట్టు తిరిగింది. పైన శూన్యపాణి కత్తి దూసి కిందికి వంగి అందుకోవాలని చూస్తున్నాడు. గాలి విసురుకు తెరలోంచి నూలు విడుస్తూనే ఉంది. అదే గాలికి తెర అంచు ఆరుతూ కూడా ఉంది. నల్లగా ఉన్నచోట అంచు వెంట లేతనీలం పాకుతోంది. నూలు ముందు విడుస్తుందో, బట్ట ముందు ఆరుతుందో చెప్పడానికి లేదు.

కప్పు మీద నుంచి ఉత్పల, భటులను అడ్డుకుంటూనే, ఏం జరిగిందో, మాచన ఎక్కడున్నాడో, నోట ఏం పట్టుకున్నాడో కింద ఉన్న కేతమ్మకు కేకవేసి చెప్పింది. కేతమ్మ తల ఎత్తింది. ఎటు ఎత్తాలో తెలియక, రెక్కల చప్పుడు వస్తున్న వైపు ఎత్తింది. జనం నిశ్శబ్దమైపోయారు. అందుకే ఆమె మాట అంత ఎత్తుకూ వినబడింది.

"మాచా, నోట్లోది వదిలెయ్యిరా. చేతులు లేకపోతే నేను బతకనా? గుడ్డిదాన్ని బతకలేదా? నువ్వు దిగు. మీదికి పోకముందే దిగు."

రాబందు రెండో చుట్టు తిరిగింది. మొదటిదాని కంటే ఎత్తు.

"పోనీ ఉన్నావా? ఒక్క మాట పలుకు. నేను తడిమి తెలుసుకోలేనురా ఇప్పుడు."

ఆమె ముఖం ఇంకా రెక్కల చప్పుడు వచ్చిన చోటికే తిరిగి ఉంది. చప్పుడు అక్కడి నుంచి జరిగిపోయింది. మాచనకు ఆమె నడినెత్తి పాపిడి కూడా కనబడుతోంది. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటకు నోరు తెరవాలి.

అతడు పళ్ళు ఇంకా గట్టిగా బిగించాడు. రాబందు దక్షిణంగా, సముద్రం వైపు తిరిగింది.